థైరాయిడ్ రిపోర్టు చేతికొచ్చాక: యాంటీబాడీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ మహారాణిపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబు కౌంటర్లో పద్నాలుగేళ్లు కూర్చున్నాను. కవరు చేతికివ్వగానే జనం చేసే పని ఒకటే. అక్కడే నిలబడి చింపి, నల్లగా దిద్దిన అంకె ఎక్కడుందో వెతుకుతారు. తర్వాత నా మొహం చూస్తారు. "ఏటమ్మా ఇది, ఐదొందల చిల్లర ఉంది? ముప్ఫై నాలుగు లోపు ఉండాలని పక్కన రాశారు కదా!" ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఆ కాగితం ఎక్కువగా యాంటీ టీపీఓ అనే థైరాయిడ్ యాంటీబాడీల రిపోర్టే. "డాక్టరు గారికి చూపించండమ్మా" అనడం తప్ప కౌంటర్లో ఉన్నవాళ్లు ఇంకేమీ అనకూడదు. పదకొండేళ్ల కిందట అదే కాగితం నా పేరు మీదే వచ్చింది. అప్పట్నుంచి చుట్టాలు, పక్కింటివాళ్లు, పాత పేషెంట్లు నన్ను అడిగినవి, నేను మా డాక్టరు గార్ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ మోతాదు తేల్చాల్సింది మీ డాక్టరే.

నా యాంటీ టీపీఓ 600 దాటింది. అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత ముదిరినట్టా?

కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కౌంటర్లో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! యాంటీ టీపీఓ మీకు చెప్పేది ఒక్క సంగతే: మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత థైరాయిడ్ గ్రంథినే పరాయిదనుకుని దాని మీద పడుతోంది. ఎంత గట్టిగా పడుతోంది, గ్రంథి ఎంత దెబ్బతింది అన్నది ఆ అంకెలో ఉండదు. 600 ఉన్నావిడ ఏ మందూ లేకుండా హాయిగా తిరుగుతూ ఉండొచ్చు. 150 ఉన్నావిడ రోజూ వంద మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటూ ఉండొచ్చు. కొన్ని యంత్రాలైతే ఒక హద్దు దాటాక కొలవడమే మానేసి "అంతకంటే ఎక్కువ" అని ఒక గుర్తు పెట్టి వదిలేస్తాయి. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పదిమందిలో ఒకరికి అటూఇటూగా ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి.

అందుకే ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు. తగ్గిందా లేదా అని ఆర్నెల్లకోసారి మళ్లీ చేయించుకునేవాళ్లని చూశాను. డబ్బు దండగ. 600 కాస్తా 400 అయినా, 900 అయినా మీ మాత్ర మారదు.

అయితే రిపోర్టులో ముందు చూడాల్సింది ఏది?

టీఎస్‌హెచ్. చాలామంది దీన్ని థైరాయిడ్ హార్మోను అనుకుంటారు. అది తలలోని పిట్యూటరీ గ్రంథి పంపే కబురు. మెడలో ఉన్న థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తే పిట్యూటరీ మెల్లగా మాట్లాడుతుంది. థైరాయిడ్ మందగిస్తే "ఏవమ్మా, పని కావట్లేదు" అని గొంతు పెంచుతుంది. ఆ కేకే మీ రిపోర్టులో పెరిగిన టీఎస్‌హెచ్. అందుకే అంకె పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టు, అంకె తగ్గితే థైరాయిడ్ పెరిగినట్టు. ఈ తిరకాసు అర్థంకాక "టీఎస్‌హెచ్ ఎక్కువుంది, అంటే నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అని మాత్ర మానేసిన పెద్దాయన ఒకరు నాకు తెలుసు.

మామూలుగా పెద్దవాళ్లలో ఇది సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా ఉంటుంది. ల్యాబుని బట్టి కాస్త మారుతుంది. దాని తర్వాత చూడాల్సింది ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ వదిలిన హార్మోనులో రక్తంలోని ప్రొటీన్లకి అంటుకోకుండా ఒంటికి నేరుగా అందే భాగం. చవగ్గా వచ్చే థైరాయిడ్ ప్యాకేజీల్లో చాలావాటిలో ఫ్రీ టీ4 ఉండదు, మొత్తం టీ3, మొత్తం టీ4 ఉంటాయి. గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఆ మొత్తం టీ4 ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4 రాశారో లేదో చీటీలో ఒకసారి చూసుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఫ్రీ టీ4ని ఒక ల్యాబు నానోగ్రాముల్లో ఇస్తే 1.2 అని ఉంటుంది, ఇంకో ల్యాబు పికోమోల్స్‌లో ఇస్తే 15 అని ఉంటుంది. రెండూ దాదాపు ఒకటే. పోయినసారి 1.2 ఉన్నది ఈసారి 15 అయిపోయిందని గాజువాక నుంచి ఆటో కట్టించుకుని మా ల్యాబుకి పరిగెత్తుకొచ్చిన అమ్మాయి ఉంది.

హషిమోటో అని రాశారు. ఇదేదో కొత్త జబ్బా? నాకే ఎందుకు వచ్చింది?

కొత్తదేం కాదు. హకారు హషిమోటో అనే జపాన్ సర్జన్ 1912లో నలుగురు ఆడవాళ్ల మెడలోంచి తీసిన గ్రంథుల్ని సూక్ష్మదర్శినిలో చూసి, తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి ఉన్నాయని రాశాడు. ఈ జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో సొంత థైరాయిడ్ మీదకే వెళ్లే యాంటీబాడీలు ఉన్నాయని 1956లో లండన్‌లో తేలింది. ఆ పేరు వినగానే ఏదో వింత రోగం అనుకుంటాం గానీ, అయోడిన్ కొరత లేనిచోట థైరాయిడ్ మందగించడానికి అన్నిటికంటే మామూలు కారణం ఇదే.

నాకే ఎందుకు అన్నదానికి సగం జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. మీ అమ్మనీ, పిన్నినీ, అప్పనీ అడిగి చూడండి. మా ఇంట్లో మా పిన్నికి ఇరవయ్యేళ్లుగా ఉందని నా రిపోర్టు వచ్చాకే బయటపడింది. "అదేదో గొంతు మాత్ర" అనుకుని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. బొల్లి, టైప్ 1 షుగరు, బి12 ఒంటికి పట్టని రక్తహీనత లాంటివి ఉన్న కుటుంబాల్లో కూడా ఎక్కువగా కనిపిస్తుంది. మీరు తిన్నదానివల్లో, బెంగ పెట్టుకోవడం వల్లో వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

టీఎస్‌హెచ్ 6.8, ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది, యాంటీబాడీలు ఉన్నాయి. మాత్ర మొదలుపెట్టాలా?

అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన జరిగేది ఇక్కడే. ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పేది కూడా ఇక్కడే. దీన్ని సబ్‌క్లినికల్ దశ అంటారు. పిట్యూటరీ గొంతు కాస్త పెంచింది, థైరాయిడ్ ఇంకా ఎలాగో నెట్టుకొస్తోంది.

ముందు చేయాల్సింది, రెండు మూడు నెలలు ఆగి పరీక్ష మళ్లీ చేయించుకోవడం. జ్వరమో, పెద్ద జబ్బో వచ్చి కోలుకుంటున్న రోజుల్లో టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరిగి, దానంతటదే దిగుతుంది. రెండోసారి కూడా పెరిగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. 10 దాటితే సాధారణంగా మాత్ర ఇస్తారు. 10 లోపు ఉంటే వయసు, లక్షణాలు, గర్భం ఆలోచన, కొలెస్టరాల్, గుండె అన్నీ చూస్తారు. పిల్లలకోసం ప్రయత్నిస్తున్న అమ్మాయికి ఇదే 6.8 కి మాత్ర మొదలుపెట్టొచ్చు. డెబ్భై అయిదేళ్ల తాతగారికి ఆ అంకె ఆ వయసుకి దాదాపు మామూలే, ఏమీ ఇవ్వకపోవచ్చు. 65 దాటినవాళ్లలో ఈ దశలో మాత్ర ఇస్తే నీరసం తగ్గుతుందా అని యూరప్‌లో పెద్ద పరీక్షే చేసి 2017లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనిపించలేదు.

యాంటీబాడీల రిపోర్టు నిజంగా పనికొచ్చేది ఇక్కడ, ముందు ముందు ఏమవుతుందో అంచనా వేయడానికి. ఇంగ్లండులో విక్‌హామ్ అనే చోట జనాన్ని ఇరవయ్యేళ్లు గమనించారు. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి వందలో నలుగురికి థైరాయిడ్ పూర్తిగా మందగించింది. యాంటీబాడీలు మాత్రమే ఉండి టీఎస్‌హెచ్ బాగున్నవాళ్లలో ఏడాదికి వందలో ఇద్దరు. అంటే మీ టీఎస్‌హెచ్ 2.5 ఉండి యాంటీబాడీలు 800 ఉన్నా ఈరోజు మందు అక్కర్లేదు. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు.

జుట్టు ఊడుతోందని మాత్రలు వాడుతున్నాను. పరీక్షకి దానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, బాగా ఉంది. ఈ దెబ్బ నేను తిన్నాను.

జుట్టుకి, గోళ్లకి వాడే మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. ఒంటికి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. ఈ మాత్రల్లో చాలావాటిలో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే కొన్ని వందల రెట్లు. అది ఒంటికి చెడు చేయదు గానీ యంత్రాన్ని పప్పులో కాలేయిస్తుంది. చాలా ల్యాబు పరీక్షల్లో బయోటిన్‌నే పట్టుకొమ్మగా వాడతారు. మీ రక్తంలో అది దండిగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

మాత్ర మొదలుపెట్టిన మూడో ఏడు నా టీఎస్‌హెచ్ 0.2 వచ్చింది. డాక్టరు గారు ఏమేం వాడుతున్నావని అడిగారు. థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర అన్నాను. జుట్టు మాత్ర మందుకింద లెక్కకే రాలేదు నాకు, సబ్బూ షాంపూలా అనుకున్నాను. థైరాయిడ్ మోతాదు తగ్గించారు. రెండు నెలలకి మెట్లెక్కడమే కష్టమైపోయింది, మొహం ఉబ్బింది, మలబద్ధకం. ల్యాబులో పనిచేస్తూ నేనే ఇలా చేశానంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. పెద్ద మోతాదు వాడుతుంటే ఇంకొన్ని రోజుల ముందే ఆపమంటారు. రక్తం తీసేవాళ్లకి కూడా చెప్పండి.

పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోవచ్చా? పరగడుపున వెళ్లాలా?

రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. టీఎస్‌హెచ్‌కి తేడా రాదు గానీ, మాత్ర వేసుకున్న కొన్ని గంటలు ఫ్రీ టీ4 కాస్త ఎక్కువగా చూపిస్తుంది. తిండి తినకూడదన్న నియమం థైరాయిడ్‌కి లేదు. షుగరు, కొలెస్టరాల్ కూడా రాశారేమో చూసుకోండి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ ఉంటుంది. అందుకని ప్రతిసారీ ఒకే వేళకి, వీలైతే ఒకే ల్యాబులో ఇస్తే ఈసారికీ పోయినసారికీ పోల్చుకోవడం కుదురుతుంది.

మాత్ర ఎలా వేసుకోవాలి? నిజంగా పరగడుపునే వేసుకోవాలా?

ఈ మాత్ర పేరు లెవోథైరాక్సిన్. మందుల షాపులో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఇది మందు అనడంకంటే, మీ గ్రంథి తయారుచేయలేకపోతున్న సరుకే బయటినుంచి ఇస్తున్నారు అనుకోండి. కడుపులో ఇంకేదైనా ఉంటే ఇది సరిగ్గా ఒంటికి పట్టదు. అందుకే ఇంత పట్టింపు.

మా ఇంట్లో పొద్దున ఇలా ఉండేది. లేవగానే మాత్ర, నీళ్లు. పాలు పొంగేలోపు ముఖం కడుక్కోవడం. పది నిమిషాల్లో ఫిల్టరు కాఫీ. టీఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా 7, 8. డాక్టరు గారు మోతాదు పెంచబోయి, ఆగి, "కాఫీ ఎన్నింటికి తాగుతావమ్మా?" అని అడిగారు. మోతాదు పెంచకుండా కాఫీని గంట జరిపితే రెండు నెలల్లో 3.1కి దిగింది. ఆ గంట నాకెంత పొడుగ్గా అనిపించేదో కాఫీ తాగేవాళ్లకే తెలుస్తుంది.

కాఫీ, టీ, పాలు, టిఫిను ఏదైనా మాత్ర తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగాక. మనవైపు పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే ఇళ్లున్నాయి. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, దానికీ ఇదే ఎడం. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర అయితే నాలుగు గంటల ఎడం తప్పనిసరి. గర్భిణులకి ఈ రెండూ రాస్తారు, మూడు మాత్రలూ గుప్పిట్లో వేసుకుని ఒకేసారి మింగేస్తారు. గ్యాస్ట్రిక్ మాత్రలు కూడా అడ్డుపడతాయి, వాటి సంగతి డాక్టరుకి చెప్పండి.

పొద్దున అస్సలు కుదరదా? రాత్రి అన్నం తిన్న మూడు గంటల తర్వాత, పడుకునేముందు వేసుకోవచ్చు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసే ఒకాయన నన్నడిగారు, వారానికోసారి పగలు రాత్రీ మారిపోతే ఎలాగని. గడియారం చూడక్కర్లేదు, ఖాళీ కడుపు చూసుకుంటే చాలు. ఆయన ఇప్పుడు ఎప్పుడు నిద్రలేస్తే అప్పుడు మంచంమీదే వేసుకుంటున్నారు.

మాత్రల డబ్బా స్నానాలగదిలో, పొయ్యి పక్కన గూట్లో పెట్టకండి. విశాఖ ఉక్కకి జాడీలో ఉప్పే నీరు కారుతుంది, మాత్ర ఏపాటిది! మూత బిగించి, ఎండ తగలని అలమరలో పెట్టండి. కంపెనీ పేరు మాటిమాటికీ మార్చకండి. మార్చక తప్పకపోతే ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూసుకోండి.

ఒకరోజు మర్చిపోయాను. ఇప్పుడెలా?

ఏం కాదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, లేదా మర్నాడు రెండు కలిపి వేసుకోవచ్చని చాలామంది డాక్టర్లు చెబుతారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు అడిగి తెలుసుకోండి. వారానికి రెండు మూడుసార్లు మర్చిపోతున్నారంటే మాత్రం అది వేరే కథ. రిపోర్టు తప్పకుండా చెప్పేస్తుంది.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా మొక్కుకున్నాను. చేయొచ్చా?

ఉపవాసం రోజు ఈ మాత్రకి ఇంకా అనుకూలం, కడుపు ఎలాగూ ఖాళీయే. గుక్కెడు నీళ్లతో వేసుకోండి. మందు వేసుకుంటే ఉపవాసం చెడదని, నిష్ఠ విషయంలో ఎవరినీ వదలని మా అత్తయ్యే ఒప్పుకున్నారు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు రాత్రి పడుకునేముందు, లేదా సహరీకి (తెల్లవారుజామున తినే భోజనానికి) అరగంట ముందు వేసుకోవచ్చు.

గిరి ప్రదక్షిణ ముప్ఫై రెండు కిలోమీటర్లు. టీఎస్‌హెచ్ అదుపులో ఉండి, గుండెకి ఏ ఇబ్బందీ లేకపోతే అందరిలాగే నడవండి. టీఎస్‌హెచ్ 40 ఉండి పోయిన వారమే మాత్ర మొదలుపెట్టినవాళ్లు మాత్రం ఈ ఆషాఢానికి అప్పన్నకి ఇంటినుంచే దండం పెట్టుకుని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం మంచిది. ఆ స్థితిలో కండరాలు పట్టేస్తాయి, అంత దూరం లాగలేవు.

మాత్ర మొదలుపెట్టి పదిహేను రోజులైంది. ఇంకా నీరసంగానే ఉంది. పనిచేయట్లేదా?

ఇంకా మొదలే. మోతాదు ఒంట్లో కుదురుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే టీఎస్‌హెచ్ చూస్తారు. మూడో వారంలో ఆత్రంగా చేయించుకున్న పరీక్ష ఎవరికీ ఉపయోగపడదు. గ్రంథి పూర్తిగా పనిచేయనివాళ్లకి కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన వేస్తారు. అరవై కిలోలుంటే వంద దాకా అన్నమాట. కానీ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తుంటే 25, 50 చాలు. పెద్దవయసువాళ్లకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

నాకు మాత్ర పట్టిందని ఎలా తెలిసిందో చెబుతాను. మే నెలలో, ఊరంతా చెమటలు కక్కుతుంటే నేను ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకునేదాన్ని. మా ఆయన హాల్లో చాప వేసుకునేవారు. మాత్ర మొదలుపెట్టిన రెండో నెలలో ఒక రాత్రి నేనే లేచి ఫ్యాను అయిదు మీద పెట్టాను.

టీఎస్‌హెచ్ బాగానే ఉన్నా నీరసం పోకపోతే థైరాయిడ్ మీదే నెపం పెట్టి కూర్చోకండి. హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, షుగరు, నిద్రలో గురక, మనసు బాగోలేకపోవడం కూడా చూడాలి.

థైరాయిడ్ వల్లే లావయ్యాను. మోతాదు పెంచితే తగ్గుతానా?

థైరాయిడ్ మందగిస్తే పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే. అందులో ఎక్కువ భాగం నీరు, ఉప్పు. మాత్ర పట్టాక అంతవరకే దిగుతుంది. పదిహేను కిలోల లెక్క వేరే చోట వెతకాలి. బరువు కోసం మాత్ర ఎక్కువ వేసుకుంటే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం. ముట్లుడిగిన ఆడవాళ్లకి ఇది మరీ ప్రమాదం.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా? సముద్రపు చేపలు తినొచ్చా? ఉప్పు మార్చాలా?

క్యాబేజీ మానేయక్కర్లేదు. వండితే దానిలోని అడ్డుపడే గుణం చాలావరకు పోతుంది, వారానికి రెండుసార్లు వేపుడు తింటే ఏమీ కాదు. గంటెలు (సజ్జలు) రోజూ మూడు పూటలా తినే ఇల్లయితే కాస్త మార్చి మార్చి తినండి, దానిలో థైరాయిడ్‌ని మందగింపజేసే పదార్థం ఉందన్నది నిజమే. సోయా మాత్రని ఒంటికి పట్టనివ్వదు, ఎడం పాటిస్తే సరి.

చేపల రేవు పక్కనే ఉన్న ఊళ్లో వంజరం, చందువా, రొయ్యలు మానేయమని ఎవరు చెప్పారో గానీ ఆ మాట బాగా పాకింది. తినండి. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పే వాడండి, రాళ్లుప్పుకో సైంధవ లవణానికో పూర్తిగా మారిపోవద్దు. అలాగని అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనుక్కోవద్దు. హషిమోటో ఉన్న గ్రంథికి అయోడిన్ కుప్పగా పడితే ఇంకా మందగిస్తుంది.

గోధుమ మానేయమని వీడియోల్లో చెబుతుంటారు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉందని తేలినవాళ్లకే అది. సెలీనియం మాత్రలు యాంటీబాడీల అంకెని కొంచెం దించొచ్చు, కానీ మనకి హాయి కలుగుతుందని తేలలేదు. ఇందాకే అనుకున్నాంగా, ఆ అంకెతో మనకి పని లేదు.

ఇక జీవితాంతం వేసుకోవాలా? రిపోర్టు నార్మల్ వచ్చింది కదా, మానేయకూడదా?

నార్మల్ వచ్చింది మాత్ర వల్ల. కళ్లజోడు పెట్టుకుని అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి, ఇక జోడెందుకు అన్నట్టుంటుంది. దెబ్బతిన్న గ్రంథి మళ్లీ పూర్తిగా కోలుకోవడం అరుదు, కాబట్టి హషిమోటోలో చాలామందికి జీవితాంతమే. మోతాదు కుదిరాక ఏడాదికోసారి పరీక్ష చాలు. సబ్‌క్లినికల్ దశలో మొదలుపెట్టినవాళ్లు, కాన్పు తర్వాత మొదలుపెట్టినవాళ్లు ఆపి చూడొచ్చేమో, అదీ డాక్టరు చూస్తుండగా.

పిల్లలు కావాలనుకుంటున్నాం. యాంటీబాడీలు ఉంటే గర్భం నిలవదా?

నిలుస్తుంది. నాకూ పిల్లలున్నారు. కానీ ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ ఇంకా పని మొదలుపెట్టదు, మెదడు ఎదుగుదలకి కావాల్సిన హార్మోను తల్లి నుంచే రావాలి. మాత్ర వాడుతున్నవాళ్లకి గర్భం ముందే టీఎస్‌హెచ్ 2.5 లోపుకి తెచ్చి ఉంచుతారు. నెల తప్పిందని తెలియగానే అవసరం పెరుగుతుంది, సాధారణంగా వారానికి ఏడు మాత్రల బదులు తొమ్మిది వేసుకోమంటారు. మొదటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఈ మాట మీ డాక్టరుతో ముందే అనుకుని ఉంచుకోండి. ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష. ఘోషా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటున్నా, ప్రైవేటులో చూపించుకుంటున్నా మొదటి రోజే "నాకు హషిమోటో ఉంది" అని చీటీ మీద రాయించండి. కాన్పయ్యాక మోతాదు పాతదానికి దించుతారు. పాలిచ్చేటప్పుడు ఈ మాత్ర వేసుకోవచ్చు.

పురుడయ్యి మూడు నెలలు. చేతులు వణుకు, దడ, చిరాకు. బాలింత నీరసమే అంటున్నారు ఇంట్లో.

ఒకసారి టీఎస్‌హెచ్ చూపించండి. యాంటీబాడీలు ఉన్నవాళ్లలో కొందరికి పురుడయ్యాక ఏడాది లోపు థైరాయిడ్ వాచి, నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు దడ, వణుకు. కొన్ని నెలలకి నిల్వ అయిపోయి మందగిస్తుంది, అప్పుడు నీరసం, ఏడుపు. చాలామందికి ఏడాదిలో సర్దుకుంటుంది, కొందరికి ఉండిపోతుంది. పసిపిల్ల ఉన్న ఇంట్లో తల్లి ఏడుస్తుంటే ఎవరూ రక్తపరీక్ష గురించి ఆలోచించరు. అదే బాధ.

నాకు అందరిలా కాదు. టీఎస్‌హెచ్ 0.01 ఉంది, టీ4 ఎక్కువ.

అయితే మీది రెండో రకం కావచ్చు, గ్రేవ్స్ జబ్బు. ఇక్కడ యాంటీబాడీలు గ్రంథిని దెబ్బతీయవు, కొరడా పట్టుకుని పరిగెత్తిస్తాయి. బరువు తగ్గడం, దడ, చేతుల వణుకు, ఎండ ఓర్చుకోలేకపోవడం, కొందరికి కళ్లు ఉబ్బి బయటికి రావడం. దీనికి టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష వేరే ఉంది. కార్బిమజోల్ మాత్రలు ఏడాది, ఏడాదిన్నర వాడతారు. మళ్లీ తిరగబెడితే రేడియో అయోడిన్ లేదా ఆపరేషన్.

కార్బిమజోల్ వాడుతున్నవాళ్లకి జ్వరంతో గొంతునొప్పి వస్తే దాన్ని జలుబనుకోకూడదు. అరుదుగా ఈ మందు తెల్ల రక్తకణాల్ని పడగొడుతుంది. మాత్ర ఆపి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లి రక్తకణాల లెక్క చేయించండి. గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పాలి, మొదటి నెలల్లో మందు మారుస్తారు. సిగరెట్ తాగే మగవాళ్లు ఆపేయాలి, కళ్ల జబ్బుని అది ముదురబెడుతుంది.

మెడకి స్కాను చేయించుకోవాలా?

యాంటీబాడీలు ఉన్నంతమాత్రాన అక్కర్లేదు. చేత్తో తడిమితే గడ్డ తగులుతుంటే, మెడ రెండు వైపులా సమానంగా లేకపోతే చేయిస్తారు. ఊరికే చేయిస్తే హషిమోటో గ్రంథి ఎలాగూ గరుకుగా, మచ్చలమచ్చలుగా కనిపిస్తుంది, ఆ మాటలు చదివి కొత్త భయం. గడ్డ వారాల్లో గబగబా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోతున్నా, మింగడం కష్టమవుతున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఆయుర్వేదంలో అశ్వగంధ మంచిదంటున్నారు?

అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్ని పెంచుతుంది. మాత్రతోపాటు వాడితే మోతాదు లెక్క తప్పుతుంది, గ్రేవ్స్ ఉంటే ప్రమాదం. వాడుతున్నారంటే డాక్టరుకి దాచకండి. ఏ వైద్యం చేయించుకున్నా లెవోథైరాక్సిన్ సొంతంగా ఆపకండి. ఎన్నో నెలలు ఆపేసిన ముసలివాళ్లు మత్తుగా పడిపోయి, ఒళ్లు చల్లబడిపోతే అది ప్రాణం మీదకొచ్చినట్టే. 108కి ఫోన్ చేయాలి.

స్పెషలిస్టు దగ్గరికే వెళ్లాలా? వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

మామూలు హషిమోటోని మీ ఫిజీషియనే చూడగలరు. గ్రేవ్స్, గర్భం, చిన్నపిల్లలు, ఎంత వాడినా టీఎస్‌హెచ్ దిగకపోవడం, ఇలాంటివాటికి ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు మంచిది. మా ఊరి కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) ఆ విభాగం ఉంది.

పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టండి, పిన్ను కొట్టి. మాత్రల డబ్బా, దానితోపాటు మీరు మందుగా లెక్కేయనివన్నీ, అంటే జుట్టు మాత్ర, కాల్షియం, గ్యాస్ట్రిక్ బిళ్ల, ప్రోటీన్ పొడి, ఒక సంచిలో వేసుకెళ్లండి. పొద్దున ఎన్నింటికి మాత్ర, ఎన్నింటికి కాఫీ అన్నది కాగితం మీద రాసుకోండి. నేను ఇప్పటికీ ఆ కాగితం మీద కాఫీ టైము పది నిమిషాలు జరిపి రాస్తాను. మా డాక్టరు గారు ఆ పది నిమిషాలు తీసేసే చదువుతారు.